వరద తీసిన యింటికి తిరిగి వచ్చునప్పుడు

2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు నీరు విజయవాడ నగరమునందలి అజిత్ సింగ్ నగర్ మొదలైన పేటలలో ప్రవేశించెను. బుడమేరు మళ్లింపు కాలువ గట్లకు గండ్లు పడుట యిందులకు ముఖ్య కారణము. మరునాడు ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణానదీ ప్రవాహము 11 లక్షల 43 వేల క్యూసెక్కులకు చేరి, 2009 అక్టోబరు నాటి 11 లక్షల 10 వేల క్యూసెక్కులను సైతము మించెను. గండ్లు పూడ్చుటకు సెప్టెంబరు 7వ తేదీ వరకు పట్టినది. పల్లపు వీధులలోని అనేక గృహములలో నీరు దినముల తరబడి నిలిచియుండెను.

నీరు తీసిన పిమ్మట తలుపులు తెరచిన గృహస్థులకు ఎదురైనది నీరు కాదు, బురద. మంచముల క్రింద, బీరువా అరలలో, వంటయింటి గూళ్లలో, బియ్యపు డబ్బాలలో సైతము జిగురువంటి బురద పేరుకొని యుండెను. అధికారులు అగ్నిమాపక శకటములను వీధులకు పంపి, వాని గొట్టములతో ఇండ్లు కడిగించిరి. నిప్పు నార్పవలసిన బండ్లు ఇండ్లు కడుగుట కొందరికి వింతగా తోచియుండవచ్చును. కాని ఆరోగ్యశాస్త్ర దృష్టితో చూచినచో ఆ వరదలో జరిగిన సహాయ కార్యములలో మిక్కిలి సరియైన వానిలో నది యొకటి. ఏలయనగా వరద సోకిన యింటిని బాగుచేయుట కొక క్రమము కలదు. ముందు బురద పోవలెను; తరువాత మందు పడవలెను; ఆ తరువాత ఇల్లు ఆరవలెను. ఈ క్రమము తారుమారైనచో ఎంత శ్రమపడినను ఫలితము దక్కదు.

దేశములో ఎచ్చట వరద వచ్చినను తప్పక కనబడు దృశ్యమొకటి కలదు. బురద తీయకుండగనే వీధి కిరుప్రక్కల, గుమ్మముల ముందర, బురద మీదనే బ్లీచింగు పౌడరును ముగ్గువలె చల్లుదురు. తెల్లని ఆ గీతలను చూచి ఇంటివారు ధైర్యము చెందుదురు. పిల్లలను వీధిలోనికి విడుతురు. నిజమునకు ఆ చల్లిన మందు చాలవరకు వ్యర్థము. బ్లీచింగు పౌడరునకు బలము క్లోరిను. కుళ్లిన ఆకులు, పేడ, మలము, చచ్చిన పురుగులు మొదలగు సేంద్రియ పదార్థములు ఎచ్చట నుండునో అచ్చట క్లోరిను మొదట వానితో కలిసి ఖర్చైపోవును. క్రిములను చేరునప్పటికి దానిలో బలముండదు. వరద బురదయందు ఇట్టి పదార్థములే సమృద్ధిగా నుండును. కావున బురద మీద చల్లిన మందు కంటికి కనబడునే గాని క్రిములకు తగులదు. గృహస్థులు ఈ యొక్క విషయమును గ్రహించినచో తక్కిన పనులన్నియు వానంతట అవియే సరియైన వరుసలో పడును.

గుమ్మము దాటుటకు ముందు

నీరు తీసినదని తెలిసిన వెంటనే ఇంటిలోనికి పరుగిడుట సహజము. అయినను కొంతసేపు బయటనే నిలిచి చూడవలెను. మట్టిగోడల విషయములో ఈ జాగ్రత్త మరియు ముఖ్యము. నీరు నిలిచియున్నంత కాలము రెండు వైపుల ఒత్తిడి సమముగా నుండుటచే నిలబడిన గోడ, నీరు తీసిన తరువాత నానిన అడుగుభాగము బరువు మోయలేక కూలవచ్చును. అందుచేత వరదలో పడని యిల్లు వరద తీసిన రెండవనాడో మూడవనాడో పడుట అసాధారణము కాదు. గోడ ఒరిగినను, అడుగున పెచ్చులు రాలుచున్నను, పైకప్పు నడుమ క్రుంగినను, తెలిసిన మేస్త్రి చూచువరకు పిల్లలను, వృద్ధులను లోనికి తీసికొని పోరాదు.

విద్యుత్తు సంగతి ఇంతకంటెను తొందరైనది. మెయిను స్విచ్చి పొడిగా నున్న చోట, పొడి కాళ్లతో నిలిచి, పొడి కర్రతో తీయగలిగినప్పుడే దానిని ముట్టవలెను. నీటిలో నిలిచి ముట్టినచో ప్రాణాపాయము. చేరరానిచోట నున్నచో విద్యుచ్ఛాఖవారికి 1912 అను నంబరునకు తెలిపి వీధిలోనే సరఫరా నిలిపింపవలెను. గోడలలోని తీగలు, స్విచ్చి పెట్టెలు ఆరిన పిమ్మట తెలిసిన పనివాడు పరీక్షించువరకు ఫ్రిజ్జి, నీటి మోటారు, మిక్సీ వంటివి నడుపరాదు. పైకి ఆరినట్లు కనబడు మోటారులో లోపల తడి చాల దినములు నిలిచియుండును. వంటగ్యాసు వాసన వచ్చినచో తలుపులు, కిటికీలు తెరచి, అగ్గిపుల్ల గీయక, స్విచ్చి వేయక, బయటికి వచ్చి 1906 అను నంబరునకు తెలుపవలెను. నీట మునిగిన రెగ్యులేటరును, రబ్బరు గొట్టమును మరల వాడుకొనుటకంటె మార్చుకొనుట మేలు.

నీరు పెరిగినప్పుడు పాములును మెరక వెదకుకొనును. అటకలు, కట్టెల కుప్పలు, మడచిన చాపలు, బోర్లించిన బుట్టలు వాని తావులు. వీనిని చేతితో కాక పొడవైన కర్రతో కదల్పవలెను. పాము కరచినచో గట్టిగా కట్టు కట్టుట, గాటు పెట్టుట, నోటితో పీల్చుట మూడును హానికరములే. కరచిన అవయవమును కదలనీయక, విషమునకు విరుగుడు మందు గల ఆసుపత్రికి ఆలస్యము లేక చేర్పవలెను. నాగు, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర యను నాలుగింటి విషమునకును మన దేశములో ఒకే విరుగుడు మందు వాడబడుచున్నది. కావున కరచిన పామును పట్టి తెచ్చుటకై కాలము వృథా చేయవలసిన పని లేదు.

కడుగుట ఆరంభించుటకు ముందు మరియొక చిన్న పని కలదు. గోడ మీద నీరు నిలిచిన గుర్తును, పాడైన సామగ్రిని సెల్‌ఫోనుతో ఫొటోలు తీసియుంచవలెను. విజయవాడ వరదలో నేల అంతస్తు మునిగిన గృహములకు 25,000 రూపాయల చొప్పున ప్రభుత్వ సహాయము ప్రకటింపబడి, ఇంటింటి లెక్క తీయబడినది. కడిగిన గోడ సాక్ష్యము చెప్పదు.

బురద తీయుట

బురద తడిగా నున్నప్పుడే తీయవలెను. ఎండి గట్టిపడిన తరువాత దానిని తీయుటకు శ్రమ రెట్టింపగును. గీకిన ధూళి ముక్కులోనికి పోవును. పారతో, రేకుతో ఎత్తి బయట ఒకచోట కుప్ప వేయవలెనే గాని కాలువలోనికి త్రోయరాదు. కాలువ పూడినచో మరుసటి వానకు అదే నీరు తిరిగి ఇంటిలోనికి వచ్చును. పిమ్మట గోడలను నీటి గుర్తునకు జానెడు పైనుండి ఆరంభించి క్రిందికి కడుగవలెను. గూళ్లు, అలమరలు, తలుపు వెనుకలు, నీరు పోవు తూములు మరచిపోరాదు. ఒకసారి మంచి నీటితో, మరియొకసారి సబ్బు నీటితో కడిగిన తరువాత నేల మీద చేయి పెట్టి రాచినచో చేతికి బురద అంటకుండవలెను. అప్పుడు గాని మందునకు వేళ కాదు.

ఈ పనికి ఒట్టి కాళ్లతో దిగుట మన దేశములో మామూలు. కాని ఇందే అపాయము పొంచియున్నది. ఎలుకల మూత్రపిండములలో లెప్టోస్పైరా యను మెలికలు తిరిగిన సూక్ష్మజీవి నివసించును. వాని మూత్రముతో అది వరద నీటిలోను, బురదలోను చేరును. పశువులు, కుక్కలు కూడ దీనిని మోయును. కాలి పగుళ్లు, గీరుకొనిన చోట్లు, చాలసేపు నీటిలో నాని మెత్తబడిన చర్మము, కంటి పొరలు దానికి ద్వారములు. 2005 జులై 26వ తేదీన ముంబయి శాంతాక్రజ్ వద్ద ఒక్క దినములో 944 మిల్లీమీటర్ల వర్షము కురిసిన తరువాత ఆ నగరములోను, 2018 ఆగస్టు వరదల తరువాత కేరళములోను ఈ జ్వరము ప్రబలి ప్రాణనష్టము కలిగించెను. మలయాళీలు దీనిని ఎలిప్పని యందురు. అనగా ఎలుక జ్వరము.

ఈ రోగము యొక్క కపటమంతయు దాని ఆలస్యములో నున్నది. బురదలో దిగిన నాటికి, జ్వరము వచ్చు నాటికి నడుమ సాధారణముగా 5 మొదలు 14 దినములు, ఒక్కొక్కప్పుడు నెల దినములు కూడ గడచును. అప్పటికి ఇల్లు శుభ్రపడి, జనులు పనులలో పడి, వరద మాట మరచియుందురు. చలిజ్వరము, తలనొప్పి, పిక్కలలో తీవ్రమైన నొప్పి, కండ్లు ఎర్రబడుట దీని తొలి చిహ్నములు. దీనిని మామూలు జ్వరమని తలచి మాత్ర మ్రింగి ఊరకున్నచో, కాలేయము, మూత్రపిండములు, ఊపిరితిత్తులు చెడి ప్రాణము మీదికి రావచ్చును. ఆదిలోనే గుర్తించినచో చవుకైన మందులతో నయమగును. కావున వరద తరువాత నెల దినములలో ఎవరికి జ్వరము వచ్చినను వైద్యునితో చెప్పవలసిన మొదటి మాట, రోగి వరద నీటిలో తిరిగినాడా, బురద ఎత్తినాడా యనునది. ఆ యొక్క మాట విననిచో వైద్యునికి సైతము అనుమానము కలుగకపోవచ్చును.

ఇందులకు నివారణ బూట్లు, రబ్బరు చేతి తొడుగులు. అవి లేనప్పుడు మందపు ప్లాస్టికు సంచులను కాళ్లకు కట్టుకొనుట ఏమియు లేకుండుటకంటె మేలు. పుండ్లు, గాయములు ఉన్నవారు బురద పనికి దిగరాదు. పని ముగిసిన వెంటనే సబ్బుతో కడుగుకొనవలెను. బురదలో ఎక్కువ కాలము పనిచేయువారికి ఆరోగ్య సిబ్బంది డాక్సీసైక్లిన్ యను మందును వారమున కొకసారి ఇచ్చుట కలదు. గర్భిణులు, చిన్నపిల్లలు దీనిని వాడరాదు గనుక ఎవరంతట వారు కొని మ్రింగుట తగదు. మేకో రేకో గ్రుచ్చుకొన్నవారు ధనుర్వాతపు టీకా కొరకు ఆరోగ్య కేంద్రమునకు పోవలెను.

చచ్చిన పశువులను, కోళ్లను బావులకు దూరముగా లోతైన గోతిలో పూడ్చవలెను. కళేబరముల దుర్వాసన వలననే అంటురోగములు పుట్టునను భయము జనులలో చాల కలదు. నిజమునకు వరద తరువాతి రోగములలో అధిక భాగమునకు మూలము బ్రదికియున్న మనుష్యుల మలముతో చెడిన నీరే. మరుగుదొడ్డి గుంటలు, సెప్టిక్ ట్యాంకులు నిండి పొర్లినప్పుడు జనుల చూపు పడవలసినది అటువైపు. వానిలోనికి మాత్రము ఎవరును దిగరాదు. లోపలి విషవాయువులు ఒక్క నిమిషములో మనిషిని పడవేయును. కాపాడుటకు దిగిన రెండవవాడును అట్లే పడును.

మందు కలుపు విధము

కొత్త బ్లీచింగు పౌడరులో నూటికి సుమారు 33 పాళ్ల క్లోరిను ఉండును. మూత తీసియుంచిన పౌడరు గాలి, వెలుతురు, తేమల వలన బలము కోల్పోవును. పొడిగా నుండి ఘాటు వాసన కొట్టునది మంచిది. వాసన లేక గడ్డలు కట్టినది సున్నముతో సమానము. నేలలు, గోడలు తుడుచుటకు 10 లీటర్ల బకెట్టు నీటికి 150 గ్రాముల పౌడరు చాలును. మొదట కొద్ది నీటితో ముద్దవలె కలిపి, పిమ్మట మిగిలిన నీరు పోసి, కొంతసేపు తేరనిచ్చి, పైని తేటనీటిని వాడవలెను. కడిగిన నేల మీద అది కనీసము పది నిమిషములు తడిగా నిలువవలెను. ఆ తరువాత మంచి నీటితో కడుగవచ్చును.

మరుగుదొడ్లు కడుగు యాసిడ్డును బ్లీచింగు పౌడరుతో కలుపుట ఎన్నడును కూడదు. రెంటిని కలిపినచో త్వరగా శుభ్రమగునని కొందరి ఊహ. అట్లు కలిపినప్పుడు వెలువడు క్లోరిను వాయువు మూసిన గదిలో ఊపిరి ఆడనీయదు.

బావులు, కుళాయిలు

నీటి విషయము అన్నింటిలోను పెద్దది. వరద నీరు పై అంచు దాటి దిగిన బావిని, ఆ నీరు ఎంత తేటగా కనబడినను, చెడిన బావిగనే యెంచవలెను. పటిక త్రిప్పియు, చిల్లగింజ అరగదీసియు నీటిని తేర్చు పద్ధతి మన పల్లెలలో పూర్వము నుండి యున్నది. అది మంచి పద్ధతియే. బురద అడుగునకు దిగినగాని మందు పనిచేయదు. కాని తేర్చుట వేరు, క్రిములను చంపుట వేరు. తేరిన నీటిని మరిగింపకయో, క్లోరిను కలుపకయో త్రాగరాదు.

బావిని శుభ్రపరచు పనిలో తొందర పనికిరాదు. చుట్టుప్రక్కల నేల ఇంకను నానియుండగా బావిని ఒక్కసారిగా తోడివేసినచో వెలుపలి నీటి ఒత్తిడికి ఒరలు లోనికి కూలవచ్చును. నేల కొంత ఆరిన తరువాత మెల్లగా తోడి, అడుగున చేరిన బురదను, చెత్తను తీయవలెను. డీజెలు ఇంజనును బావి లోపలికి దింపి నడుపుట ఆత్మహత్యతో సమానము. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. లోపలనున్నవాడు పిలుచుటకైనను వ్యవధి లేక పడిపోవును. ఇంజను బయట, గొట్టము మాత్రమే లోపల నుండవలెను.

మందు పాళ్లు నిర్ణయించుటకు బావిలో ఎన్ని లీటర్ల నీరున్నదో తెలియవలెను. ఇది కష్టమైన లెక్క కాదు. బావి అడ్డుకొలతను మీటర్లలో కొలిచి దానిని దానితోనే హెచ్చవేసి, నీటి లోతుతో హెచ్చవేసి, వచ్చినదానిని 785తో హెచ్చవేసినచో లీటర్లు వచ్చును. అడ్డుకొలత 2 మీటర్లు, నీటి లోతు 4 మీటర్లు అయినచో 2ను 2తో హెచ్చింపగా 4. దానిని 4తో హెచ్చింపగా 16. దానిని 785తో హెచ్చింపగా 12,560 లీటర్లు. వరద సోకిన బావికి మొదటిసారి వేయు మందు గట్టిగా నుండవలెను. 1,000 లీటర్లకు 150 గ్రాముల చొప్పున పై బావికి సుమారు 1,900 గ్రాములు పట్టును. దీనిని బకెట్లలో కలిపి, తేరనిచ్చి, తేటనీటిని మాత్రమే బావిలో పోసి, చేదను పైకిని క్రిందికిని ఆడించి నీరంతయు కలియునట్లు చేయవలెను. అడుగున మిగిలిన సున్నపు మడ్డిని బావిలో వేసినచో నీటి కాఠిన్యము పెరుగును. ఇట్లు పోసిన నీటిని ఒక రాత్రి, ఒక పగలు ఎవరును వాడకుండ నుంచి, పిమ్మట ఘాటు వాసన పోవువరకు తోడి పారబోయవలెను.

ఆ తరువాత ప్రతిదినము వేయు మందు చాల కొద్ది. 1,000 లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున ఇదే బావికి 31 గ్రాములు చాలును. రాత్రి అందరు నీరు తోడుకొనిన తరువాత వేసినచో తెల్లవారునప్పటికి పని పూర్తియగును. కనీసము ఒక గంట గడువనిది ఆ నీటిని వాడరాదు. గంట తరువాత లీటరు నీటిలో అర మిల్లీగ్రాము క్లోరిను మిగిలియున్నచో నీరు త్రాగుటకు తగినదని యెంచుదురు. ఆరోగ్య కార్యకర్తల యొద్ద నుండు క్లోరోస్కోపు పెట్టెలో రెండు చుక్కల మందు వేసి పసుపు రంగును పోల్చి చూచినచో ఇది తెలియును. గృహస్థులు ఆ పరీక్షను తమ కన్నుల యెదుట చేయుమని అడుగుట తప్పు కాదు.

సముద్రపు నీరు సోకిన బావుల సంగతి వేరు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెన వంటి వానిలో బావులకు ఉప్పు పట్టును. క్లోరినుతో ఉప్పు పోదు. అట్టి తావులలో బయటి నుండి నీరు తెచ్చుకొనుట తప్ప గత్యంతరము లేదు. పట్టణములలో ఇంటి నేల తొట్టెలను, మిద్దె మీది ట్యాంకులను తోడి, రుద్ది కడిగి, పైన చెప్పిన ద్రావకముతో తుడిచి, మరల కడిగిన పిమ్మటనే నింపవలెను. కుళాయి నీటిని కూడ కొంతకాలము నమ్మరాదు. నేలలోని గొట్టములకు చిల్లులున్నచోట సరఫరా ఆగిన వేళ మురుగు లోనికి పీల్చబడును. నీటిని మడత వేసిన శుభ్రమైన గుడ్డతో వడకట్టి, కళపెళ తెర్లునట్లు మరిగించి, మరిగించిన పాత్రలోనే మూతపెట్టి చల్లార్చుట మేలు.

సామగ్రిలో ఏది నిలుపవలెను, ఏది విడువవలెను

ఇది శాస్త్రమునకు సులభము, మనస్సునకు కష్టము. తడిసిన బియ్యము, పప్పులు, పిండి, కారము, వరదలో ఆగిపోయిన ఫ్రిజ్జిలోని పదార్థములు, నీరు తాకిన మందులు, పాలసీసాల రబ్బరు మూతులు పారవేయవలెను. ఏడాదికి సరిపడ పెట్టుకొన్న ఆవకాయ జాడీని పారబోయుటకు ఏ యిల్లాలికైనను చేయి రాదు. పైన నూనె తేలియున్నది గదా, లోపలి కేమియు కాలేదని సమాధానము చెప్పుకొందురు. మూత వరకు వరద నీరెక్కిన జాడీలో ఏమి దిగినదో కన్ను చెప్పజాలదు. అట్టిది విడువవలసినదే. బూజు పట్టిన ధాన్యము పశువులకును హానికరము. ఇనుము, స్టీలు, ఇత్తడి, గాజు పాత్రలను సబ్బుతో తోమి, మరుగు నీటిలో ఉంచి వాడుకొనవచ్చును. మట్టి కుండలు, కొయ్య తెడ్లు మురుగు నీటిని పీల్చుకొనును గనుక మరల వంటకు పనికిరావు.

విరేచనములు, జ్వరములు

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను కొందరికి విరేచనములు పట్టుకొనును. అప్పుడు ప్రాణము తీయునది చాలవరకు క్రిమి కాదు, శరీరములోని నీరును ఉప్పును పోవుట. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ కాలమున పశ్చిమ బెంగాలులోని బన్గావ్ శరణార్థి శిబిరములో కలరా చెలరేగినప్పుడు రక్తనాళములలోనికి ఎక్కించు సెలైను చాలకపోగా, డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని డబ్బాలలో నింపి రోగుల బంధువుల చేతనే త్రాగించెను. మరణములు ఎన్నో రెట్లు తగ్గెను. ఆయన మరణానంతరము 2023లో భారత ప్రభుత్వము పద్మవిభూషణ బిరుదమును ప్రకటించెను. ఓ.ఆర్.ఎస్. పొట్లము దొరకనిచోట ఒక లీటరు మరిగి చల్లారిన నీటిలో తలకొట్టిన ఆరు చిన్న చెంచాల పంచదార, అర చిన్న చెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా పట్టవలెను. పాళ్లు తప్పరాదు, ఉప్పు హెచ్చినచో శిశువులకు హాని. తల్లిపాలు, ఆహారము మానరాదు. పిల్లలకు వైద్యుల సలహాపై 14 దినములు జింకు మాత్రలు ఇప్పింపవలెను. బియ్యము కడిగిన నీటివంటి విరేచనము, రక్తము పడుట, కండ్లు లోతుకు పోవుట, నీరు కూడ త్రాగలేని నీరసము కనబడినచో 108 వాహనమును పిలిచి ఆసుపత్రికి చేర్పవలెను.

పచ్చకామెర్లు కొన్ని వారముల తరువాత గాని బయటపడవు. గర్భిణులకు వచ్చినచో ఈ రోగము మిక్కిలి ప్రమాదకరము. వారికి మరిగించిన నీరు తప్ప వేరు నీరు ఇయ్యరాదు. వరద కొట్టుకొని తెచ్చిన డబ్బాలు, టైర్లు, కొబ్బరి చిప్పలలో వాన నీరు నిలిచినచో డెంగీ దోమ గ్రుడ్డు నుండి రెక్కల దోమ యగుటకు వారము, పది దినములు చాలును. కావున వారమునకు ఒకనాడు వానినన్నిటిని బోర్లింపవలెను.

ఇల్లు, సొమ్ము పోయినవారికి నిద్ర పట్టకుండుట, పలుమారు ఉలికిపడుట, వాన చినుకు పడినంతనే గుండె దడదడలాడుట పిరికితనము కాదు. అది తగ్గక వారముల తరబడి నిలిచినచో టెలి మానస్ వారి 14416 నంబరునకు రాత్రింబవళ్లు ఎప్పుడైనను ఫోను చేసి తెలుగులోనే మాటాడవచ్చును.

ఆరబెట్టుట

తడి నిలిచిన యింటిలో ఒకటి రెండు దినములలోనే బూజు పుట్టును. ఉబ్బసము గలవారికిని, పసిపిల్లలకును అది చేటు. పగలు తలుపులు, కిటికీలు, అలమరలు అన్నియు బార్లా తెరచి, సామగ్రిని గోడలకు దూరముగా జరిపి, గాలి ఆడునట్లు చేయవలెను. ఆరుటకై మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుటయు, జనరేటరు నడుపుటయు ప్రాణాపాయకరములు. బావిలోని ఇంజనును గూర్చి చెప్పిన విషవాయువే ఇచ్చటను పుట్టును. మురుగు నీటిలో నానిన దూది పరుపులు, దిండ్లు ఎండలో పైకి ఆరినను లోపల ఆరవు, వానిని విడువవలెను. బట్టలు, దుప్పట్లు వేడి నీటితో ఉతికి ఎండ వేసినచో చాలును. తలుపుల కొయ్య ఉబ్బి బిగిసినచో అప్పుడే చిత్రిక పట్టింపరాదు. ఆరిన తరువాత అది తనంతట తగ్గును. దస్తావేజులు, పాసుపుస్తకములు తడిసినచో పేజీలను బలవంతముగా విడదీయక, నడుమ నడుమ పీల్చుడు కాగితములు పెట్టి నీడలో ఆరవేయవలెను.

గోడలు మాత్రము త్వరగా ఆరవు. ఇటుక గోడ లోపలి తడి పోవుటకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. పండుగ వచ్చుచున్నదని తొందరపడి నూనె రంగులు, ప్లాస్టికు రంగులు పూసినచో తడి లోపలనే చిక్కుపడి, కొలది కాలములోనే పొక్కులు లేచి, వాని వెనుక బూజు కట్టును. గోడ ఆరినదా లేదా యని చూచుటకు చిన్న ఉపాయము కలదు. రెండు జానల ప్లాస్టికు కాగితమును గోడ కానించి నాలుగు అంచులును గాలి చొరకుండ అంటించి, ఒక దినము తరువాత ఊడదీయవలెను. లోపలి వైపున నీటి చెమ్మ కట్టియున్నచో ఇంకను ఆగవలెను. పొడిగా నున్నచో మొదటి పూత సున్నముతో వేయుట మంచిది. సున్నము గోడకు గాలి ఆడనిచ్చును; దాని క్షారగుణము బూజును పెరుగనీయదు.